కొండకు పెట్టిన బొట్టు

మా పాత ఇంటి సామానులో నా దగ్గర మిగిలింది పడాక్ చెక్కతో చేసిన ఒక్క పడకకుర్చీ. అది మా తాతది. డాలీగంజ్‌లో నేనుంటున్న రెండు గదుల ఇంట్లో అది ముందుగదిని సగం ఆక్రమిస్తుంది. దాన్ని అమ్మెయ్యమని సలహా ఇచ్చినవాళ్ళతో నేను మళ్ళీ మాట్లాడలేదు. అలాగని దానిలో నేనూ కూర్చోను. మొన్న వానలు వెనకబట్టాక ముగ్గురు కుర్రాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ముందు నిలబడ్డవాడు రాజేష్. మా తాత పడవ మీద కళాసీగా పనిచేసిన దానయ్యకి మనవడు. నేను కూర్చోమనక ముందే సరాసరి వెళ్ళి ఆ కుర్చీలో వాలాడు.

"లే," అన్నాను.

"క్యా దీదీ?"

"ఆ కుర్చీలోంచి లేచి బల్ల మీద కూర్చో. నీ తాత ఆ కుర్చీ ఎదురుగా నిలబడి మాట్లాడేవాడు."

లేచాడు. మొహం చిన్నబుచ్చుకోలేదు, అది వాడి మంచితనం. నన్ను దీదీ అనడం నాకు నచ్చదు. మా నానమ్మని ఊరంతా అమ్మగారూ అనేవారు. కానీ ఈ దీవుల్లో అమ్మగారూ అనే మాట పుట్టే నోళ్ళు ఇప్పుడు ఎన్ని మిగిలాయి? టీ ఇచ్చాను. తాగుతూ విషయం చెప్పాడు.

"బాంబూఫ్లాట్ వెనకాల కొండ మీద తెల్ల రాయుంది చూడండి దీదీ, మీ తాతగారు ఏటేటా దానికి పూజ చేసేవోరంట. మా తాత బోల్తా థా. అక్కడ గుడి కడదామని కమిటీ అయిపోయింది. ఒక్కటే ప్రాబ్లం, ఆ జాగాలో రాంచీవాళ్ళ ఇల్లుంది. రాయి చుట్టూ ఉన్నది వాళ్ళ అంగణం. మీరొచ్చి ఇది మా దేవుడే, మా తాతే పెట్టాడని అందరి ముందూ ఒక్క మాట చెప్తే బస్."

రెండోవాడు అందుకున్నాడు. "గేటు మీద మీ తాతగారి పేరు రాయిస్తాం దీదీ. తెలుగులోనే. మొదటి కొబ్బరికాయ ప్రతి ఏడూ మీదే."

ఆదివారం వస్తానన్నాను. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు ఆ కుర్చీకేసి చూస్తూ ఉండిపోయాను. సారంగు పోలయ్య అనే పేరు నేను తప్ప ఇంకెవరైనా పలకగా విని ఎన్నేళ్ళయిందో! ఆ పేరు ఒక గేటు మీద, ఎండలో, నలుగురూ తలెత్తి చదివేటట్టు ఉంటుందంటే నాలో ఏదో లేచి కూర్చుంది. అది ఆశే. దాన్ని ఇంకో పేరుతో పిలవను.

మా ఇంటిని బాంబూఫ్లాట్‌లో సారంగు గారిల్లు అనేవారు. పడవల గుంపుకి పెద్దని సారంగు అంటారు. తాత విశాఖ అవతలి సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి, ఇక్కడ తెరచాప పడవలు కట్టించి, తన ఒడ్డు మనుషుల్నే పిలిపించుకుని పని నేర్పినవాడు. ఇల్లు స్తంభాల మీద, ఎత్తుగా, రేకు కప్పుతో ఉండేది. వానాకాలం అంతా ఆ రేకు మీద పడే చప్పుడులో మాటలు వినపడక పెద్దవాళ్ళు సైగలతోనే సంసారం చేసేవారు. ఇంటి కింద ఎండిన చేపల వాసన, వలలకి పట్టించిన చెట్టుబెరడు కషాయం వాసన, కొబ్బరిపీచు నానిన వాసన కలిసిపోయి ఉండేవి. ఆ వాసన నా జడలో ఉందని బడిలో పక్కపిల్లలు జరిగి కూర్చునేవారు. నేను ఇంకా నిటారుగా కూర్చునేదాన్ని. మా నానమ్మ అలాగే కూర్చునేది. నడుం వంచడం అనేది మా ఇంటి ఆడవాళ్ళకి ఎవరూ నేర్పలేదు.

వానలు తగ్గి సముద్రం సర్దుకోబోయే రోజుల్లో మా పెరట్లో సున్నం పని మొదలయ్యేది. ఒడ్డున ఏరి తెచ్చిన గుల్లలు కొబ్బరిడొక్కల మంట మీద కాల్చి, పెద్ద కాగులో వేసి, నానమ్మ స్వయంగా నీళ్ళు పోసేది. గుల్ల బుసబుసమని ఉడికి, పగిలి, తెల్లటి ఆవిరి లేచేది. గొంతు మండేది, కళ్ళు నీళ్ళు కారేవి. "దూరంగుండే గుంటా, కళ్ళు పోతాయి," అని అరుస్తూనే తను మాత్రం కాగు పక్కనే నిలబడేది. అలా చల్లారిన సున్నంలో తుమ్మజిగురు కలిపి, గుడ్డలో వడగట్టి, బకెట్లకి ఎత్తేవారు. అది ఇంటి గోడలకి కాదు. మా ఇంటికి గోడలన్నీ చెక్కే. ఆ సున్నం కొండ మీది రాయికి.

రాయి సంగతి ఇదీ. కొండకి సముద్రం వైపు భుజం మీద, చెట్లు లేని చదునులో, ఏనుగంత బండ ఒకటుంది. దానికి సున్నం కొడితే బయటి సముద్రంలోంచి తెల్లగా కనిపిస్తుంది. కొండ శిఖరంలో పైన ఒక గండి ఉంది. తాత కళాసీలకి నేర్పిన మొదటి పాఠం, "బొట్టు గండి కింద పడితే పార." పార అంటే నీళ్ళ అడుగున రాతిమెట్ట, చేపలు చేరే చోటు. పడవ ఆ వరస మీదికి రాగానే వల దించాలి. పొద్దువాలాక అదే వరస పట్టుకుని వస్తే ఇల్లు. అందుకే మావాళ్ళు దాన్ని బొట్టుకొండ అనేవారు. వానలకి ఏటా సున్నం కొట్టుకుపోయేది, ఏటా తిరిగి పెట్టాల్సి వచ్చేది.

ఆ కొండ వాలు మీద రాంచీవాళ్ళు ఉండేవారు. అడవి కొట్టడానికి ఛోటానాగపూర్ కొండల నుంచి ఓడల్లో తెచ్చిన మనుషులు. వాళ్ళలో ఉరావ్‌లున్నారు, ముండాలున్నారు, ఖడియాలున్నారు, ఒకరి భాష ఒకరికి రాదు. అవన్నీ నాకు చాలా పెద్దయ్యాక తెలిశాయి. మాకు వాళ్ళంతా రాంచీవాళ్ళు. అక్కడ, వాళ్ళ కొండల్లో, వాళ్ళకో తెగ ఉంది, దానికో పేరుంది. ఇక్కడ ఓడ దిగేసరికి వాళ్ళు బయల్దేరిన ఊరి పేరే వాళ్ళకి కులమైపోయింది. వాళ్ళకి మేము మచ్చీవాలాలం, చేపలవాళ్ళం. సారంగు అయినా, కళాసీ అయినా, మచ్చీవాలాయే. ఈ దీవిలో మనిషికి పేరు పెట్టేది ఎప్పుడూ అవతలివాడే. అది విని తాతకి మండేది. నానమ్మ నవ్వేది.

సున్నం తీసుకుని కొండెక్కే రోజు నానమ్మ ఒక పళ్ళెం సర్దేది. కొబ్బరికాయ, పసుపు, రెండు తమలపాకులు. "మనకెందుకే ఇవన్నీ, రాయికి సున్నం కొట్టి రావడమే కదా," అని తాత విసుక్కుంటే ఆవిడ మాట ఒక్కటే: "ఆళ్ళు కొండోళ్ళు. కొండోళ్ళకి రాయంటే దేవుడు. అడక్కుండా ఒకరి దేవుడి మీద సెయ్యేస్తే పడవ తిరిగొస్తాదా?" పైకి వెళ్ళాక మగవాళ్ళంతా చెప్పులు విప్పి, రాయి ముందు కాయ కొట్టి, ఆ తర్వాతే కుంచె ముట్టుకునేవారు. నేను ఒక్కసారే వెళ్ళాను. అప్పటికి అక్కడ రాయి చుట్టూ ఆకు ముక్క లేకుండా ఊడ్చి, నీళ్ళు చల్లి, పైన ఎర్ర మందారాలు పెట్టి ఉంచారు. "సూసేవా," అంది నానమ్మ నా చెవిలో. "ఆళ్ళ దేవుడే."

నేను చెప్పులతోనే చదును మీదికి పరిగెత్తాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో నా ఈడు పిల్ల ఒకతి, జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. "చప్పల్ ఉతార్! దేవ్‌తా హై!" అని కీచుగా అరిచింది. దాని గోళ్ళు నా చేతిలో దిగాయి. దాని పేరు ఫుల్మనీ అని, ఆ చదును పక్క ఇంట్లో ఉండే ఎత్వా కూతురని తర్వాత తెలిసింది. సారంగు మనవరాలిని లాగుతావా అని నేను దాని జుట్టు పట్టుకున్నాను. ఎత్వా వచ్చి విడదీసి, కూతురి వీపు మీద ఒకటేసి, మా తాతకి దణ్ణం పెట్టాడు. తాత తిరిగి దణ్ణం పెట్టాడు. మా తాత మరొకరికి ఎదురు దణ్ణం పెట్టడం నేను అక్కడే చూశాను. ఆ మర్యాద దేనికో ఆ రోజు అడగలేదు.

ఆ తర్వాత మా ఇల్లు చితికింది. దానికి తుపాను కారణం కాదు, శత్రువులు కారణం కాదు. ఇంజన్ పడవలు వచ్చాయి, మా నాన్న పెట్టనన్నాడు. "డప్పు కొట్టుకుంటూ చేపల దగ్గరికి పోయేవాడు దొంగకన్నా తెలివితక్కువోడు," అనేవాడు. తాత కొండ చూసి వెళ్ళాడు, నేనూ కొండ చూసే వెళ్తాను అని మొండికేశాడు. కళాసీలు ఒకరి తర్వాత ఒకరు, దానయ్య అందరికంటే ఆఖర్న, ఇంజన్ చప్పుడు వైపు వెళ్ళిపోయారు. పడవలు ఒడ్డునే ఎండి, పగిలి, వంటచెరకయ్యాయి. ఇల్లు ఎవరో కొని, పడగొట్టి, లాడ్జి కట్టారు. మా తాత పడవలు కట్టిన జెట్టీలోనే నేను ఉద్యోగంలో చేరి, ఫెర్రీ టికెట్ల కిటికీ వెనక నా వయసంతా కూర్చున్నాను. కిటికీలోంచి చేతులే కనపడేవి, మొహాలు కనపడేవి కాదు. అది నాకు నయమే అయింది.

ఆదివారం ఫెర్రీ దిగి, ఆటోలో కొండ మొదలు దాకా వెళ్ళి, మిగతాది నడిచాను. రాజేష్ చెయ్యి ఇస్తానన్నాడు, వద్దన్నాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. అది కొండవాళ్ళ దేవుడు. నానమ్మ మాట నా తలలో ఉంది. మాదే అని చెప్పడమంటే ఒకరి దేవుణ్ణి ఎత్తుకుపోవడం. చెప్పకపోతే తాత పేరు నాతో పాటే పోతుంది, నా తర్వాత పలికేవాళ్ళు లేరు. మెట్టు మెట్టుకీ ఒకసారి అటు, ఒకసారి ఇటు తేలుతూ ఎక్కాను. చదును దగ్గరికి వచ్చి తలెత్తితే రాయి తెల్లగా మెరుస్తోంది. తడి ఇంకా ఆరని సున్నం. మావాళ్ళు ఎవరూ కుంచె పట్టి ఎన్నో ఏళ్ళయింది. మరి ఇది ఎవరు కొట్టారు?

రాయికి అవతల, రేకుల ఇంటి గుమ్మంలో ఒక ముసలావిడ కోళ్ళకి నూకలు చల్లుతోంది. మెడలో చిన్న శిలువ. నన్ను కింద నుంచి పైదాకా చూసి, చేట పక్కన పెట్టింది.

"నర్సమ్మ కదూ? సారంగుది? అలాగే కర్రలా నిలబడ్డావ్, అందుకే గుర్తుపట్టా."

ఫుల్మనీ! మావాళ్ళ మధ్య చేపలు కొని అమ్మిన మనిషి, తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడుతోంది. ముక్కాలిపీట వేసింది. కమిటీ కుర్రాళ్ళు కొంచెం దూరంలో చెట్టు కింద గుంపుగా నిలబడ్డారు. ఆమె గడ్డంతో వాళ్ళని చూపించింది.

"గుడి కడతారంట. కట్టుకోండి. కోళ్ళగూడు తీసేస్తా. వంటిల్లు కూడా పోద్దంటున్నారు, నా కొడుకు లడాయికి దిగాడు. నేనే చెప్పా, చుప్ బైఠ్, దేవుడు వాళ్ళదిరా అని. మీది మీరు అడిగితే మేమేం అంటాం?"

"మాదా?" అన్నాను.

"మరి ఎవరిది? మీరే కదా కాయ కొట్టేది, పసుపు పూసేది! మా బాబా చెప్పేవాడు, తెలుగువాళ్ళ దేవ్‌తా మన ఇంటి ముందుంది, చెప్పులతో తిరగకండి, ఊడ్చి పెట్టండి, వాళ్ళొచ్చే రోజుకి పూలు పెట్టండి అని. మేం చర్చికి పోయేవాళ్ళం. అయినా పక్కవాళ్ళ దేవుడు కదా, ఇజ్జత్ ఉండాలి కదా. మీరు రావడం మానేశారు. సున్నం పోయి రాయి నల్లబడితే బాబాకి నిద్రపట్టేది కాదు. వాళ్ళ దేవుడు మన దగ్గర మైలగా ఉన్నాడు అని తనే కొనుక్కొచ్చి కొట్టాడు. ఇప్పుడు నేను కొట్టిస్తున్నా. ఆ రోజు నీకు గుర్తుందా? సొంత దేవుడి మీదికే చెప్పులతో ఉరికొచ్చావ్. ఇదేం పిల్లరా బాబూ అనుకున్నా."

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్ళు అలా నవ్వరు. ఎగబీల్చి, పీట మీంచి ఒరిగిపోయేటంత నవ్వు. ఆమె కంగారుపడి నీళ్ళు తెచ్చింది. తాగి, మా నానమ్మ పళ్ళెం ఎందుకు సర్దేదో చెప్పాను. మేము కాయ కొట్టింది వాళ్ళ దేవుడికని, వాళ్ళు పెట్టిన పూలు చూసి మాకు నమ్మకం కుదిరిందని చెప్పాను. ఆమె నోరు తెరిచి విని, రాయికేసి చూసి, నాకేసి చూసింది.

"మరి ఇది ఎవరు?"

"ఎవరూ కాదు. గుర్తు. సముద్రంలోంచి చూసుకోడానికి."

"హే భగవాన్!" అంది ఆ చర్చి మనిషి. తర్వాత ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టింది.

కుర్రాళ్ళు పిలిచారు. తెలుగువాళ్ళు, కొండ మీది ఇళ్ళవాళ్ళు, ఫుల్మనీ కొడుకుతో సహా రాయి దగ్గర చేరారు. ఇప్పుడు నన్ను కాదనేవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరన్న సంగతి నాకు అప్పుడే పూర్తిగా తట్టింది. కొండవాళ్ళే మాది కాదంటున్నారు. ఒక్క మాట అంటే గేటు లేస్తుంది, పేరు లేస్తుంది. నిజం ఉన్నది నా దగ్గర, నవ్వుకుంటున్న ఆ ముసల్దాని దగ్గర. తను ఎలాగూ నోరెత్తదు. పక్కవాళ్ళ ఇజ్జత్ కదా.

"ఇది దేవుడు కాదు," అన్నాను. "మా తాత దీనికి ఎన్నడూ మొక్కలేదు. దీన్ని చూసి ఇంటికొచ్చాడు. కాయ కొట్టింది ఈ ఇంటివాళ్ళ దేవుడేమోనని. మర్యాదకి."

రాజేష్ మొహం ఎర్రబడింది. "దీదీ, క్యా బోల్ రహే హో? మీ ఖాన్‌దాన్ పేరు కోసమే కదా మేమింత…"

"ఖాన్‌దాన్ పేరే చెప్తున్నాను. సారంగు పోలయ్య ఒకరి వాకిట్లో అడగకుండా కుంచె పెట్టలేదు. నువ్వు అతని పేరు గేటు మీద రాసి, ఆ గేటు ఎత్వా వంటింట్లో పాతితే, ఆ పేరు నాకొద్దు."

ఎవరో గొణిగారు, ముసల్దానికి మతిపోయిందని. ఇంకెవరో, ఇంకో రాయి దొరికితే గుడి ఇంకోచోట కట్టుకోవచ్చులే అన్నారు. జనం మెల్లగా పలచబడ్డారు. రాజేష్ మాత్రం కదల్లేదు. వాడు దానయ్య మనవడు. వెళ్ళమనేదాకా నిలబడతాడు.

"ఐతే ఆ కథ నిజమేనా దీదీ? బొట్టు, గండి, పార… తాత తాగినప్పుడు చెప్పేవాడు."

"నాకేం తెలుసు? నేను చూశానా?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే దాని బరువు తెలిసింది. మావాళ్ళు ఆడవాళ్ళని పడవ ఎక్కనిచ్చేవారు కాదు. నానమ్మ ఏటేటా గొంతు మండించుకుని ఉడికించిన సున్నం సముద్రంలోంచి ఎలా కనిపిస్తుందో ఆవిడకి తెలియదు. నాకు తెలియదు. తండ్రి పోయాక కూడా ఏటా సున్నం కొట్టించిన ఫుల్మనీకి అసలే తెలియదు. ఫెర్రీ తిరిగేది రేవు లోపలే, అక్కణ్ణుంచి ఆ కొండ భుజం కనపడదు. "నీ పడవుందిగా," అన్నాను రాజేష్‌తో. "మా ఇద్దర్నీ తీసుకెళ్ళు."

నాలుగు రోజుల తర్వాత తీసుకెళ్ళాడు. రేవు దాటగానే అలలు పెద్దవయ్యాయి. ఫుల్మనీ నా మోచెయ్యి పట్టుకుని యేసూ యేసూ అనుకుంటోంది. నేను నిటారుగా కూర్చున్నాను, అంతకంటే నాకు వచ్చిన విద్య లేదు. వెనక్కి తిరిగి చూస్తే కొండంతా ఒకే పచ్చ. ఏ ఇల్లూ లేదు, ఏ మనిషీ లేడు, మచ్చీవాలా లేడు, రాంచీవాలా లేడు. ఇంజన్ వేగం తగ్గించి రాజేష్ పడవ తిప్పాడు. అప్పుడు కనిపించింది, అన్నం మెతుకంత.

"ఇత్‌నా సా?" అంది ఫుల్మనీ. "ఇంతేనా! దీనికోసమా మా బాబా నాతో బకెట్లు మోయించాడు?"

"ఇంతే."

"దీదీ, మ్యాప్‌లో ఇక్కడ రాయేం చూపించట్లేదు," అన్నాడు రాజేష్ ఫోన్ చూస్తూ.

"అది జేబులో పెట్టి కొండ చూడు. ఇంకా కుడికి పో. బొట్టు గండి కిందికి రావాలి."

తెల్లటి మెతుకు పచ్చదనం మీద మెల్లగా జరిగింది. జరిగి జరిగి, ఆకాశం లోపలికి కోసుకున్న ఆ గండికి సరిగ్గా కింద నిలిచింది. "ఇక్కడ," అన్నాను. నా గొంతు నాకే మా తాతదిలా వినపడింది. రాజేష్ ఇంజన్ ఆపి, లోతు చూడ్డానికి సీసం గుండు కట్టిన తాడు వదిలాడు. తాడు చకచకా దిగింది, అనుకున్నదానికంటే ముందే ఆగింది. ఎత్తి మళ్ళీ వేశాడు. మళ్ళీ అక్కడే ఆగింది. తాడు చేత్తో పట్టుకునే, తల తిప్పి కొండకేసి చూశాడు.

ఫుల్మనీ వంగి ఏదో చేస్తోంది. చూస్తే, చెప్పులు విప్పి బల్లచెక్క కింద పెడుతోంది.

"దేవుడు కాదని చెప్పాను కదే, ఇక్కడెందుకు?"

"ఏమో. అది మనల్ని చూస్తోంది కదా," అంది.

నా నడుం అంత తేలిగ్గా వంగదు. పడవ ఊగుతుంటే ఆమె భుజం పట్టుకుని, ఒక చెప్పుని రెండో కాలితో, రెండో దాన్ని బొటనవేలితో తోసేశాను.